కంపెనీ తీసేసింది, జీతంలో ఈఎస్‌ఐ కట్ అయ్యేది: భత్యం ఎలా అడగాలి?

జీడిమెట్ల_ఫిట్టర్:
మా ప్యాకింగ్ యూనిట్‌లో ఒక లైన్ మూసేశారు. ఆగస్టు 31తో పని అయిపోయింది. గ్రాస్ 18,000, ఈఎస్‌ఐ కట్ అయ్యేది. మొదటి 14 నెలలు కాంట్రాక్టర్ కింద, తర్వాత 16 నెలలు కంపెనీ రోల్స్‌లో, మధ్యలో గ్యాప్ లేదు. రెండు చోట్లా వేర్వేరు ఈఎస్‌ఐ నంబర్లు ఇచ్చారు. రాజీనామా రాసిస్తే వారంలో సెటిల్‌మెంట్ ఇస్తామని హెచ్‌ఆర్ అంటోంది. ఈఎస్‌ఐ నుంచి మూడు నెలలు సగం జీతం వస్తుందంటున్నారు, నిజమేనా?

పేరోల్_పంతులు:
వస్తుంది అన్నా, కానీ ముందు ఆ రాజీనామా మీద సంతకం పెట్టకు. తనంతట తాను మానేసినవాళ్లకు ఈ పథకం లేదు. క్రమశిక్షణ చర్య కింద తీసేసినా, వయసు అయిపోయి రిటైరైనా, వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నా అంతే. పైగా ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ని సిబ్బంది తగ్గింపు (రిట్రెంచ్‌మెంట్) కింద తీస్తే నెల నోటీసు లేదా దాని జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. రాజీనామా రాస్తే అదీ పోతుంది. వారంలో సెటిల్‌మెంట్ అని తొందర పెట్టేది ఊరికే కాదు.

పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. మొదట 25 శాతమే ఇచ్చేవాళ్లు, 2020 మార్చి 24 నుంచి 50 శాతం చేశారు. 2024లో మళ్లీ 2026 జూన్ 30 దాకా పొడిగించారు. గడువు పెట్టి పొడిగిస్తూ పోయే పథకం కాబట్టి, నీ ఉద్యోగం పోయిన తేదీ గడువు లోపల ఉందో లేదో ముందు చూసుకో.

సగం జీతం అంటే ఆఖరి జీతంలో సగం కాదు. వెనకటి నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్ల (చందా లెక్కించే ఆరేసి నెలల కాలాలు) మొత్తం జీతాన్ని 730తో భాగించి, అందులో సగం. రెండేళ్లూ 18,000 పడి ఉంటే 4,32,000 ÷ 730 = రోజుకు 591.78. సగం 295.89. గరిష్ఠం 90 రోజులు కాబట్టి 26,630 రూపాయల దాకా. అదే 20 నెలల జీతమే రికార్డులో ఉంటే భాగించేది అదే 730, చేతికొచ్చేది 22,192. జీవితంలో ఒక్కసారే ఇస్తారు.

బ్రాంచి_ఆఫీసు_బాట:
అసలు చిక్కు రెండు నంబర్ల దగ్గర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం పోయే నాటికి రెండేళ్లు బీమాలో ఉండాలి. దానికి తోడు, పోవడానికి ముందరి కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులు, ఆ రెండేళ్లలోని మిగతా మూడింట్లో ఏదో ఒకదాంట్లో 78 రోజులు చందా పడి ఉండాలి. పీరియడ్లు ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి. కొత్త నంబర్ మీద నీకు కనిపించేది 16 నెలలే, అంటే రెండేళ్లు నిండలేదని క్లెయిమ్ తిప్పి పంపుతారు. పాత నంబర్‌తో కలిపితే 30 నెలలు. కాబట్టి క్లెయిమ్ కంటే ముందు, కాంట్రాక్టర్ ఇచ్చిన పాత ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు), కొత్తది, ఆధార్, రెండు చోట్ల జీతం చీటీలు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రెండు నంబర్లు కలపమని అర్జీ ఇవ్వు. ముద్ర వేసిన నకలు తీసుకో.

ఆధార్‌లో, ఈఎస్‌ఐలో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందా చూడు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట అక్షరం మాత్రమే ఉండటం మనవాళ్లకు మామూలే. డబ్బు ఆగేది అక్కడే.

జీడిమెట్ల_ఫిట్టర్:
రాజీనామా రాయలేదు, థాంక్స్ అన్నా. క్లెయిమ్ ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి? మధ్యలో వేరే పని దొరికితే?

బ్రాంచి_ఆఫీసు_బాట:
ఉద్యోగం పోయి 30 రోజులు దాటాక. నీకు సెప్టెంబర్ 30తో నెల నిండుతుంది, 90వ రోజు నవంబర్ 29. మొదట్లో 90 రోజులు ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ లేదు. రాబోయే రోజులకు ముందే ఇవ్వరు, గడిచినవాటికే. మధ్యలో పని దొరికితే చేరిన రోజు వరకే లెక్క. కొత్త కంపెనీ ఈఎస్‌ఐ కట్టగానే వాళ్లకు తెలిసిపోతుంది, దాచొద్దు.

ఈఎస్‌ఐసీ (ఈఎస్‌ఐ కార్పొరేషన్) పోర్టల్‌లో పది అంకెల బీమా నంబర్‌తో లాగిన్ అయి ఈ పథకం క్లెయిమ్ నింపాలి. ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి ఎక్కించు. ఎక్కిస్తే కాగితాలు మళ్లీ ఇవ్వక్కర్లేదు, లేకపోతే ప్రింట్ తీసి సంతకంతో బ్రాంచికి ఇవ్వాలి. స్టాంపు పేపర్ మీద అఫిడవిట్ అడిగేవాళ్లు, 2020లోనే తీసేశారు. జిరాక్స్ సెంటర్‌లో ఎవరైనా చేయిస్తామంటే డబ్బు దండగ.

పేరోల్_పంతులు:
ఒకటి చేర్చాలి. కంపెనీ నెలవారీ ఈఎస్‌ఐ రిటర్న్‌లో పనిరోజులు సున్నా వేసినప్పుడు కారణం కోడ్ ఇస్తుంది. 2 అంటే మానేశాడు, 10 అంటే రిట్రెంచ్‌మెంట్. చాలామంది అలవాటుగా 2 కొట్టేస్తారు. చివరి పనిరోజు తేదీతో 10 వేయమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు, తీసేసిన లెటర్ కూడా రాతపూర్వకంగా అడుగు.

ఆ లెటర్ ఉంటే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కూడా చూడు. 2005 నుంచి ఉంది. మూసివేత, రిట్రెంచ్‌మెంట్ వల్ల పని పోతే మొదటి 12 నెలలు సగటు దినసరి జీతంలో సగం, 13 నుంచి 24 నెలల దాకా పావు, ఆ కాలమంతా వైద్యం కూడా. షరతులు గట్టివి, కాగితాలు ఎక్కువ, కానీ మొత్తం చాలా పెద్దది. రెండూ ఒకే రోజులకు ఇవ్వరు కాబట్టి, అటల్ క్లెయిమ్ నొక్కే ముందు దీనికి నీకు అర్హత ఉందేమో బ్రాంచి మేనేజర్‌ను అడుగు.