అప్‌డేట్: ఆఫర్ లేకుండానే ఓపీటీకి దరఖాస్తు చేశాను

అమెరికాలో ఎంఎస్ చివరి సెమిస్టరులో ఉన్న నేను, ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా ఓపీటీ (చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) దరఖాస్తును ఆపుకోవచ్చా అని జనవరిలో అడిగాను. ఆగవద్దని చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

కోర్సు ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చుననీ, అందుకు ఆఫర్ లెటర్ అక్కరలేదనీ మా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారు స్పష్టం చేశారు. ఆవిడ సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోగా ఐ-765 ఫారం (పని అనుమతికి పెట్టే దరఖాస్తు) ఇమిగ్రేషన్ శాఖకు చేరాలన్న నియమం మాత్రం నాకు అప్పటిదాకా తెలియదు. రూమ్మేట్ ఆ గడువును ఫ్రిజ్ తలుపు మీద అంటించకపోతే మరచిపోయేవాడినేమో.

అన్నిటికంటే ఎక్కువగా తర్జనభర్జన పడింది ఓపీటీ ప్రారంభ తేదీ గురించే. ఆ తేదీ నుంచి మొదలయ్యే మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు కనుక, కోర్సు ముగిసిన మర్నాడు కాకుండా, ఆ తరువాత అనుమతించిన 60 రోజుల్లో చివరి వారంలోని తేదీని ఎంచుకున్నాను.

లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేరుస్తామన్న ఒక కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. కెరీర్ సెంటర్‌లో మాత్రం నా మూడు పేజీల రెజ్యూమెలో ఫొటోను, పుట్టిన తేదీని, తండ్రి పేరును ఎర్ర పెన్నుతో కొట్టేసి ఒక్క పేజీకి కుదించారు (ఇంటి దగ్గర అవి లేకపోతే రెజ్యూమె కిందే లెక్క కాదు). ఆ తరువాత రెండు ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. ఆఫర్ ఇంకా రాలేదు, పని అనుమతి కార్డు మాత్రం గత వారం చేతికి అందింది.