అప్‌డేట్: నడుము దగ్గర తామర, వేపాకు ముద్ద, పెరుగన్నం

నడుము చుట్టూ వచ్చిన తామరకు వేపాకు, పసుపు సరిపోతాయా, పొట్ట బాగుచేసుకుంటే పోతుందా అని రెండు నెలల క్రితం అడిగాను. వేపాకు ముద్దతో దురద కాస్త సర్దుకుంది కానీ రూపాయి బిళ్లంత మచ్చ అరచేయంత అయింది. చర్మవైద్యురాలు దాని అంచును బ్లేడుతో గీకి, ఆ పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ (చర్మకణాలను కరిగించే ద్రావణం) చుక్కలో వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. శిలీంధ్రమే. అది చర్మంలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ని తిని బతుకుతుందట, పేగులతో పని లేదు. నెల రోజులు చక్కెర మానేసింది వృథా! (పెరుగన్నం మాత్రం మానను.) అసలు దోషి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కలిసిన క్రీము. పైన ఎరుపు తగ్గించి, లోపల శిలీంధ్రాన్ని మేపింది. ఇప్పుడు శిలీంధ్రాన్ని చంపే మందులు రెండు: భోజనం కాగానే మింగడానికి ఇట్రాకొనజోల్, పైపూతగా లులికొనజోల్. మచ్చ పోయినా కొన్నాళ్లు రాయమన్నారు. అమ్మాయికీ అంటుకుంది, తువ్వాళ్లు వేరు చేశాం.