ఉబుంటులో ఏమేం నడుస్తున్నాయో టెర్మినల్‌లో చూడడం ఎట్లా?

మిర్యాలగూడ_కాంటా:
అన్నలూ, రైస్ మిల్లు కాంటా దగ్గర సిస్టమ్‌లో ఉబుంటు (లైనక్స్) ఉంది. వడ్ల లారీలు లైన్ కట్టినప్పుడే అది మొరాయిస్తుంది, చిట్టీ ప్రింట్ కావడానికి ఐదు నిమిషాలు, ఈలోగా డ్రైవర్ల హారన్లు. సిస్టమ్ మానిటర్ తెరుచుకోదు, టెర్మినల్ మాత్రం వస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపే కమాండ్ పీఎస్ అని కొడితే రెండే లైన్లు చూపిస్తోంది. మొత్తం కనిపించాలంటే ఏం కొట్టాలి?

పాలమూరు_పోరడు:
ఉత్త పీఎస్ నువ్వు తెరిచిన టెర్మినల్‌లోవే చూపిస్తుంది, అందుకే బ్యాష్ (టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లు తీసుకునేది), పీఎస్ రెండే. పీఎస్ తర్వాత స్పేస్ ఇచ్చి ఏ, యూ, ఎక్స్ కలిపి కొట్టు, అన్నీ చిన్న అక్షరాలే, ముందు డ్యాష్ వద్దు. అందరు యూజర్లవీ వస్తాయి. చాంతాడంత లిస్టు కాబట్టి చివర నిలువు గీత పెట్టి లెస్ అని కలుపు, పేజీ పేజీగా చదువుకోవచ్చు, క్యూ నొక్కితే బయటికి వస్తావు. రెండో కాలమ్‌లోది పీఐడీ, అంటే నడుస్తున్న ఒక్కో ప్రోగ్రామ్ (ప్రాసెస్) నంబరు, దేన్నైనా ఆపాలంటే కిల్ పక్కన ఆ నంబరే ఇవ్వాలి.

నల్లగొండ_లైనక్స్:
కరెక్టే, కానీ తమ్ముడూ, అందులో సీపీయూ శాతం చూసి మాత్రం మోసపోకు. అది ఇప్పటి లెక్క కాదు, ఆ ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి సగటు. పొద్దంతా ఖాళీగా ఉండి ఈ నిమిషంలోనే సీపీయూ మొత్తం తింటున్నది కూడా అక్కడ 2, 3 శాతమే అని కనిపిస్తుంది. ఇప్పుడు ఏది తింటోందో తెలియాలంటే టాప్ కొట్టు, 3 సెకన్లకోసారి దానంతటదే మారుతుంది. పెద్ద పీ నొక్కితే సీపీయూ వరసలో, పెద్ద ఎమ్ నొక్కితే మెమరీ వరసలో వస్తాయి.

మిర్యాలగూడ_కాంటా:
టాప్ చూశా అన్నా. సీపీయూ ఏదీ పెద్దగా వాడట్లేదు, పైన డబ్ల్యూఏ దగ్గర మాత్రం 80 దాటింది. బ్యాకప్‌కు పెట్టిన ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్) లైన్లో ఎస్ కాలమ్ కింద డీ అని ఉంది. కిల్ మైనస్ 9 కొట్టినా పోవట్లేదు!

నల్లగొండ_లైనక్స్:
దొరికింది. డీ అంటే అది డిస్క్ జవాబు కోసం ఆగి ఉంది, ఆ స్థితిలో 9 కొట్టినా వినదు, డిస్క్ పని తేలాకే పోతుంది. డబ్ల్యూఏ కూడా అదే చెబుతోంది, సీపీయూ డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. బ్యాకప్‌ను క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) రాత్రికి మార్చు. అయినా డీ అట్లాగే వస్తుంటే కెర్నల్ లాగ్‌లో (సిస్టమ్ లోపలి సందేశాల రికార్డు) ఐఓ ఎర్రర్లు, అంటే డిస్క్ చదవడం, రాయడంలో తప్పులు ఉన్నాయేమో చూడు, ఉంటే డిస్కే పోతోంది, ముందు డేటా వేరే దాంట్లోకి కాపీ చెయ్యి. ఇంకోటి, ఉత్త కిల్ 15వ సిగ్నల్ పంపుతుంది, ప్రోగ్రామ్ తన ఫైళ్లు సర్దుకుని మూసుకుంటుంది. 9 కొడితే దానికి ఆ టైమ్ దొరకదు. కాంటా లెక్కలున్న డేటాబేస్ మీద మాత్రం అది అస్సలు కొట్టకు.