దానాదా, దానాధా?

(ఒక గ్రూపులో దస్తావేజు మాటల మీద చర్చ; మాట్లాడినవారి పేర్లకు బదులు వాళ్ళ ఊళ్ళు.)

తిరుచానూరు: పాత క్రయ దస్తావేజుల్లో చివర వస్తుందే, "పుత్రపౌత్ర పారంపర్యముగా దానాది వినిమయ విక్రయములకు సర్వహక్కులతో..." అని. అందులో వినిమయం ముందా, విక్రయం ముందా?

చిత్తూరు: వరుస సంగతి తర్వాత. ముందు ఆ 'ది'కి ఒత్తు పెట్టండి. దాన, ఆధి. ఆధి అంటే తాకట్టు. 'ఆది' అయితే చివర రావాలి: దాన వినిమయ విక్రయాదులు.

పలమనేరు: ఆధి మనోవ్యథ కదన్నా? ఆధివ్యాధులు!

చిత్తూరు: కుదువ పెట్టినోడికి రెండూ ఒకటే. అమరకోశం, ఆ సంస్కృత నిఘంటువు, నానార్థాల్లో చూడండి: "బంధకం వ్యసనం చేతఃపీడాధిష్ఠానమాధయః". బంధకమే, అంటే తాకట్టే, ముందుంది.

చంద్రగిరి: విజయనగర రాగిరేకుల్లో "దానస్యాధమనస్యాపి విక్రయస్యాపి చోచితమ్" అని వస్తుంది. ఆధమనమన్నా కుదువే. ఒత్తు అప్పటిదే.

పుత్తూరు: ఒప్పుకోను. లేఖరులు 'దానాది' అనే రాస్తున్నారు, వాడుకే ప్రమాణం. దానం మొదలుకొని విక్రయం దాకా అని చెప్పుకుంటే సరిపోదా?

చిత్తూరు: మరి తాకట్టు ఎక్కడికి పోయింది? 1882 ఆస్తి బదిలీ చట్టం తీయండి. విక్రయం సెక్షన్ 54, తాకట్టు 58, వినిమయం 118, దానం 122. ఒత్తు తీస్తే 58 ఎగిరిపోతుంది! హక్కు పోదులెండి. వేరే ఉద్దేశం కనబడకపోతే అమ్మినవాడికున్న హక్కంతా కొన్నవాడికే అని సెక్షన్ 8. దస్తావేజు చెడేది సర్వే నంబరు దగ్గర, చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల దగ్గర. తూర్పు హద్దు పడమట పడితే సవరణ దస్తావేజు రాసి మళ్ళీ రిజిస్టరు చేయించాల్సిందే.

తిరుచానూరు: వినిమయం ముందా...

పలమనేరు: ఇల్లు భోగ్యానికిస్తారు చూడండి, అది స్మృతుల్లోని భోగ్యాధే. వడ్డీకి బదులు అనుభవం. వస్తువు వాడకుండా దాచిపెడితే గోప్యాధి. మాటలో ఆధి రాలిపోయి భోగ్యం నిలిచింది.

పుత్తూరు: డీకేటీ పట్టాలో, అంటే సర్కారు పేదలకిచ్చిన భూమి పట్టాలో మాత్రం మీ ఆధీ లేదు, నా ఆదీ లేదు. వారసత్వంగా అనుభవించొచ్చు, అన్యాక్రాంతం చేయరాదు అనేది 1977 చట్టం మాట; 2023 సవరణతో ఇరవై ఏళ్ళు దాటినవాటికి సడలించారు.

చంద్రగిరి: యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లో పెట్టిన కేతనను మరిచి పట్టాలెందుకయ్యా? దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చినవాడు. అప్పుల తగాదాలను కూడా కథ చెప్పినంత తేటగా చెప్పినాడు.

చిత్తూరు: ఆయన ఆధిని ఏమన్నాడు, కుదువా, తాకట్టా? పుస్తకం దగ్గరున్నవాళ్ళు పద్యం పెట్టండి.

పుత్తూరు: పెట్టేటప్పుడు ఒత్తు చూసి టైపు చేయండి.