బీవీఎస్సీ తర్వాత అమెరికా లైసెన్స్: ఈసీఎఫ్‌వీజీ రాసినవాళ్లు చెప్పండి

గన్నవరం_బ్యాచ్: ఇంటర్న్‌షిప్ ఆఖరికొచ్చింది. విదేశాల్లో చదివిన పశువైద్యులకి అమెరికా లైసెన్స్‌కి ఉన్న రెండు దారుల్లో ఈసీఎఫ్‌వీజీ మంచిదా, పేవ్ మంచిదా? రాత పరీక్ష బీసీఎస్ఈకి ఎన్ని నెలలు చదివారు? ఐఈఎల్‌టీఎస్ ముందే రాసెయ్యాలా? ప్రాక్టికల్ పరీక్ష సీపీఈకి మొత్తం ఖర్చెంత?

తిరుపతి_వెట్: బీసీఎస్ఈకి భయపడకు తమ్ముడూ. 225 బిట్లు, కూర్చుని చదివితే వచ్చేస్తుంది. నన్ను ఏడిపించింది సీపీఈ. మూడు రోజులు, ఏడు విభాగాలు. ఆరు పాసయ్యా, సర్జరీ పోయింది. స్పే, అదే ఆడకుక్కకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేస్తుంటే గౌను చెయ్యి డ్రేప్ (స్టెరైల్ గుడ్డ) దాటి టేబుల్ అంచుకి తగిలింది. నేను చూసుకోలేదు, పక్కన నిలబడ్డావిడ చూసింది. ఆ ఒక్కదానికోసం మళ్లీ టికెట్టు కొని వెళ్లా.

రాజేంద్రనగర్_వాడు: స్పే గురించి నన్నడుగుండ్రి. వీధికుక్కల సంతాన నియంత్రణ (ఏబీసీ) క్యాంపులల్ల రోజుకు ఇరవై చేసిన. కుడి ఫ్లాంక్ల, అంటే డొక్క పక్కన, రెండు వేళ్లంత కోత, పది నిమిషాలల్ల అయిపోతది. చెయ్యి తిరిగినోనికి ఆ పరీక్ష ఒక లెక్కనా?

ఒహాయో_డాక్టర్: ఆ అలవాటే అక్కడ ముంచుతుంది. వాళ్లకు కడుపు మధ్యలో కోసే మిడ్‌లైన్ కావాలి. ఎంత తొందరగా చేశావని ఎవరూ అడగరు. రక్తనాళానికి వేసిన ముడి (లిగేచర్) బిగిసిందా, కోశాక మిగిలిన మొదలు (స్టంప్) చూసి వదిలావా, అంతే.

రాజేంద్రనగర్_వాడు: అయితే ఫ్లాంక్ తప్పంటరా? వీధికుక్కను వదిలినంక గాయం దూరంకెళ్లి కనబడుతది. కుట్టు తెగినా పేగులు కిందికి జారవు. ఊకెనే చేస్తున్నమా?

ఒహాయో_డాక్టర్: తప్పని నేనెక్కడన్నాను? కుడి పక్క నుంచి చేస్తుంటే ఎడమ పెడికిల్, అదే అండాశయం రక్తనాళాల కట్ట, ముడిలోంచి జారిందనుకోండి, ఎక్కడని వెతుకుతారు? నాకు జారింది. లోపల రక్తం నిండిపోతోంది, వేలికి ఏదీ అందదు. కోత పెంచి పట్టుకునేసరికి చేతులు వణికాయి. ఆ కుక్క బతికింది.

రాజేంద్రనగర్_వాడు: నాకు ఒక్కనాడు జారలె. అక్కడికి పోయినంక మనోళ్ల పని మీకు చిన్నగనే కనిపిస్తది.

తిరుపతి_వెట్: అన్నా, ఆ మాట వద్దు. ఆయన కూడా ఆ క్యాంపుల్లో చేసొచ్చినవాడే.

ఒక_తల్లి: మా అమ్మాయి కరీబియన్‌లో చదువుతోందండీ. అక్కడి రాస్, సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలు రెండింటికీ 2011లోనే అమెరికా పశువైద్య సంఘం (ఏవీఎంఏ) గుర్తింపు వచ్చింది, వాళ్లకి ఈసీఎఫ్‌వీజీ అక్కర్లేదు. లైసెన్స్ పరీక్ష నావ్లే మాత్రం తప్పదు, 360 ప్రశ్నలు. ఫోన్ చేస్తే గుర్రం కడుపునొప్పి గురించే చెబుతుంది. తిరిగొస్తే ఇక్కడ రిజిస్ట్రేషన్ ఎలాగో ఎవరికైనా తెలుసా?

పాడి_డాక్టర్: గుర్రమన్నారు కదా, సీపీఈలో అదే నా బాధ. వందల గేదెలకి చూడి పరీక్ష చేసినవాణ్ణి, గుర్రం తలకి తొడిగే హాల్టర్ తిరగేసి పట్టుకున్నా. గుర్రం తల పైకెత్తేసింది. కాలెత్తి గిట్ట చూపించమంటే ఎటు నిలబడాలో తెలీలేదు. మన కాలేజీల్లో గుర్రం మీద చెయ్యి వేసినవాళ్లు ఎంతమంది?

ఒహాయో_డాక్టర్: గన్నవరం తమ్ముడూ, ఈసీఎఫ్‌వీజీ అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, పేవ్ అలా కాదు. ఎక్కడ స్థిరపడతావో ఆ రాష్ట్రం బోర్డు నిబంధనలు ముందు చదువు.

రాజేంద్రనగర్_వాడు: మిడ్‌లైన్ యాడ నేర్చుకున్నరు సార్?

ఒహాయో_డాక్టర్: ఇక్కడొక షెల్టర్లో, జీతం లేకుండా. ఆర్నెల్లు.

గన్నవరం_బ్యాచ్: పాడి డాక్టర్ గారూ, మలక్‌పేట రేస్‌కోర్సు దగ్గర గుర్రాల డాక్టర్లెవరైనా తెలుసా అండీ? సెలవుల్లో వెళ్లి నిలబడతాను, పేడ ఎత్తమన్నా ఎత్తుతాను.