కుక్క వాంతిలో రక్తం పడితే ముందు ఏం చూడాలి, ఏం చేయకూడదు?

బ్రూనో వాళ్ళ నాన్న:
ముందు అది వాంతేనా అన్నది తేల్చుకోండి. డొక్కలు ఎగరేసి కక్కితే వాంతి. దగ్గుతో పాటు గులాబీ రంగు నురగ వస్తే అది ఊపిరితిత్తుల నుంచి. ముక్కులోంచి కారిన రక్తం మింగినా వాంతిలో తేలుతుంది, కాబట్టి నోరు, ముక్కు కూడా చూడాలి. తడిసిన కాఫీ పొడిలా ముదురు గోధుమ రంగులో పడితే, రక్తం కాసేపు కడుపులోని ఆమ్లంలో నానిందన్నమాట. ఎర్రగా లేదు కదా అని దాన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. విరేచనం తారులా నల్లగా, జిగటగా ఉందేమో కూడా గమనించండి.

జూలీ అక్క:
పదేపదే కక్కాక సన్నటి ఎర్ర చారిక ఒక్కటి పడితే?

పశువైద్యుడు:
గొంతు, అన్నవాహిక ఒరుసుకుపోయి అలా రావచ్చు. హుషారుగా ఉన్నా అదే రోజు చూపించండి. పై పెదవి ఎత్తి, కోరపన్ను పైన చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నల్ల చిగుళ్ళున్న కుక్కకి కింది కనురెప్ప లోపల చూడాలి. పాలిపోయినా, నిలబడలేకపోయినా, పొట్ట ఉబ్బినా, రక్తం గడ్డలుగా పడినా అర్ధరాత్రైనా సరే బయల్దేరండి.

లియో వాళ్ళమ్మ:
ఇంట్లో మనుషుల నొప్పి మాత్రలు వేశారేమో తప్పక చెప్పండి, దాచొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కడుపు పొరను కాపాడే జిగురును తగ్గించేస్తాయి, అక్కడ పుండు పడుతుంది. దానికి స్టెరాయిడ్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మాత్రల అట్టనీ, వాంతి ఫొటోనీ వెంట తీసుకెళ్ళండి.

పశువైద్యుడు:
సరిగ్గా చెప్పారండి. రక్తం గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు ఇంకో రకం. తిన్న 2 నుంచి 5 రోజులకు గానీ బయటపడదు కాబట్టి, ఇవాళ్టి తిండినే తలచుకుంటే దొరకదు. దానికి విటమిన్ కె1 వారాల తరబడి వాడాలి, మధ్యలో మానేస్తే మళ్ళీ రక్తం కారుతుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకైతే మొదట పార్వో అనే అంటు వైరస్ జబ్బును అనుమానించి, మిగతా కుక్కలకు దూరంగా ఉంచాలి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీషియా అనే జబ్బులో ప్లేట్‌లెట్లు పడిపోయి కూడా రక్తస్రావం అవుతుంది.

జూలీ అక్క:
దారిలో ఏమైనా పట్టొచ్చా?

పశువైద్యుడు:
ఏమీ వద్దు. తిండి పెట్టకండి, ఉప్పునీళ్ళతోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో కక్కించకండి. ఇంకో మాట, రక్తం పోయిన తొలి గంటల్లో పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం చూసే పరీక్ష, మామూలుగానే కనిపించవచ్చు. కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కదా, నిష్పత్తి వెంటనే మారదు. కాబట్టి కొన్ని గంటల తర్వాత మళ్ళీ చేయమని అడగండి. కడుపు పుండుకు సుక్రాల్ఫేట్ అనే మందు రాసిస్తే మిగతా మందులకూ దానికీ 2 గంటల తేడా ఉంచండి. పొట్టలో పూతలా పరుచుకుని వాటిని ఒంట పట్టనివ్వదు.