అప్‌డేట్: ‘లేడీ బీ గుడ్’ సిబ్బంది ఏమయ్యారు?

లిబియా ఎడారిలో 1958లో కనిపించిన అమెరికన్ బి-24డి బాంబర్ ‘లేడీ బీ గుడ్’లో మనుషుల జాడ ఎందుకు లేదని ఇంతకుముందు అడిగాను. మీరు చెప్పిన ఆధారాలు చదివాక విషయం స్పష్టమైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సొలూక్ వైమానిక స్థావరం నుంచి ఇటలీ నగరం నేపుల్స్‌పై దాడికి బయలుదేరిన ఆ తొమ్మిది మందికి అదే మొదటి యుద్ధయాత్ర. తిరిగివస్తూ, రాత్రి చీకట్లో స్థావరాన్ని దాటిపోయిన సంగతి గ్రహించక దక్షిణంగా ఎడారి లోపలికి ఎగిరి, ఇంధనం అయిపోవస్తుండగా వారు పారాచూట్లతో దూకేశారు. ఖాళీ విమానం మాత్రం ఇంకా దక్షిణానికి సాగి ఇసుకపై వాలింది.

పారాచూట్ సరిగా తెరుచుకోక బాంబార్డియర్ (బాంబులు గురిచూసి వదిలే వ్యక్తి) మరణించారు. మిగిలిన ఎనిమిది మంది ఉత్తరం వైపు నడిచారు. సహ పైలట్ రాబర్ట్ టోనర్ డైరీ ప్రకారం వారి దగ్గరున్నది సగం సీసా నీళ్లు, మనిషికి రోజుకు ఒక్క మూతెడు. అంత తక్కువ నీటితో ఐదుగురు సుమారు 125 కిలోమీటర్లు నడవగలిగారంటే ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు. మరో ముగ్గురు సాయం కోసం ఇంకా ముందుకు వెళ్లారు. డైరీలో చివరి తేదీ ఏప్రిల్ 12.

నన్ను ఎక్కువగా బాధించింది ఒకటుంది: వారు వెనక వదిలిన విమానంలో పనిచేసే రేడియో ఉంది. 1960లో ఎనిమిది మంది అవశేషాలు లభించాయి; గన్నర్ వెర్నన్ మూర్ ఆచూకీ మాత్రం అధికారికంగా తేలలేదు.